మామిడి సీజన్ ముందు కంప్యూటర్‌లో విండోస్ మార్చొచ్చా?

నేరుగా అమ్ముకునే రైతులు చాలామంది ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఇది. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. కంప్యూటర్ ఆగిపోదు, రోజూ లాగే ఆన్ అవుతుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. మన కంప్యూటర్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు, బ్యాంకు లాగిన్ ఉంటాయి కదా, భయం అక్కడే.

అలాగని ఇవాళే మార్చేయమని నేను చెప్పను. కోతల ముందు రోజు ట్రాక్టర్ ఇంజన్ ఎవరైనా విప్పుతారా? ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాకు మామిడి ఆర్డర్లు, పెట్టెల లేబుళ్లు, బిల్లులు. ఆ టైంలో లేబుల్ ప్రింటర్ మొరాయిస్తే కాయ ఆగదు, పండిపోతుంది. అందుకే విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లోకి వెళ్లి ఈఎస్‌యూ అనే అదనపు భద్రతలో చేరాను. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు. అది 2026 అక్టోబరు 13 దాకా ఉంటుంది. మార్పు జూలైలో పెట్టుకున్నాను. నాట్లప్పుడు మనకి తీరిక లేకపోయినా కంప్యూటర్‌కి ఉంటుంది!

విండోస్ 11 కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే తీసుకుంటుంది. మీది సరిపోతుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ చెప్పేస్తుంది, వీడియోలో చూపించాను.

మార్చేముందు లెక్కలు, ఫొటోలు, వీడియోలు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. అను ఫాంట్లతో లేబుళ్లు చేసేవాళ్లు వాటిని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. ప్రింటర్‌కి విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లని అడగండి. మార్చాక 10 రోజుల్లోపు పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు. ఆ 10 రోజులూ ఖాళీ కోసమని పాత విండోస్ ఫైళ్లు మాత్రం తీసేయకండి. తీసేస్తే వెనక్కి దారి ఉండదు. మొదటి రోజే ఒక బిల్లు, ఒక లేబుల్ ప్రింట్ తీసి చూడండి.

మరీ పాత కంప్యూటర్ అయితే కొత్తది కొనేముందు లైనక్స్ మింట్ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఉచితం, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది. ట్యాలీ వాడేవాళ్లకి మాత్రం అది కుదరదు.