సింహాసనం వదిలినవాడి వారసులు

మామిడి సీజనొస్తే విస్సన్నపేటకు కంటి మీద కునుకుండదు. నూజివీడు నుంచి తిరువూరు వెళ్లే ఈ దారిలో తోటల నుంచి బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు కాయ ట్రాక్టర్ల మీద దిగుతూనే ఉంటుంది. కోత కూలీలు, కాపు గుత్తకు పట్టినవాళ్లు, లారీ డ్రైవర్లు ఒకరినొకరు కేకేసుకుంటుంటారు. ఆ కేకల్లో వినబడే పేర్లు ఓపిగ్గా వినాలి. నాగుల్‌మీరా, మస్తాన్, మీరావలి, బాబయ్య. వీళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కృష్ణా, గుంటూరు పల్లెల్లో తరతరాలుగా బతుకుతున్న నూర్‌బాషాలు, అంటే దూదేకులవాళ్లు.

ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు. నాగుల్‌మీరా పేరు వెనక తమిళనాడులోని నాగూరు దర్గా ఉంది. అక్కడి షాహుల్ హమీద్ 16వ శతాబ్దపు సూఫీ. హిందువుల ఇళ్లలోనూ మస్తాన్‌రావులు, మస్తానమ్మలు కనిపిస్తారు. అయితే తమ మతానికి మూలపురుషుడిగా దూదేకులవాళ్లు చెప్పుకునేది మాత్రం పెనుకొండ బాబయ్యను. ఇక్కడి నుంచి పెనుకొండ 500 కిలోమీటర్లకు పైమాటే. ఇక బాబయ్య పుట్టిన నేల మరెంత దూరమో.

సీస్తాన్ నుంచి పెనుకొండకు

బాబయ్య అసలు పేరు బాబా ఫక్రుద్దీన్. ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులోని సీస్తాన్‌కు ఆయన రాజని, రాజ్యం తమ్ముడికి అప్పగించి ఫకీరయ్యాడని సంప్రదాయ కథనం. మక్కా, మదీనా యాత్ర చేశాక, హిందూదేశం వెళ్లమని ప్రవక్త కలలో చెప్పారట. అలా తిరుచిరాపల్లి చేరి నత్తర్ వలి శిష్యుడయ్యాడు. ఆ గురువూ రాచబిడ్డేనని, ఆయనా సింహాసనం కాదనుకుని వచ్చినవాడేనని అక్కడి కథ. రాజ్యం వదులుకున్నవాడికి, అదే పని చేసిన గురువు దొరికాడన్నమాట.

కొన్నాళ్లకు గురువు ఆయన చేతికి ఒక పళ్లపుల్ల ఇచ్చాడు. రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడ దాన్ని నేలలో గుచ్చమన్నాడు. తెల్లారేసరికి ఎక్కడ చిగురిస్తే అదే నీ చోటన్నాడు. ఫకీర్లను వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగితే, పుల్ల పెనుకొండలో చిగురించింది. ఒకప్పుడు దేశాన్ని ఏలిన మనిషి తన చోటేదో తాను నిర్ణయించుకోలేదు. తెల్లారేదాకా కాచుకుని, ఆ ఎండుపుల్ల చెప్పినట్టు నడుచుకున్నాడు. బాబయ్య కథలో నా మనసుకు అన్నిటికంటే పెద్దదిగా తోచే ఘట్టం ఇది.

పెనుకొండలో జరిగిందనే మరో కథ ఎక్కువ ప్రచారంలో ఉంది. రాజు బలప్రయోగానికి దిగకుండా బాబయ్యకూ గుడి పూజారికీ పరీక్షలు పెట్టాడట. చివరికి ఇద్దరినీ సున్నం బస్తాల్లో కట్టి చెరువుల్లో వేయిస్తే, బాబయ్య ఊరి బయట గుట్ట మీద క్షేమంగా కనిపించాడట. ఇలాంటి పందేల కథలు ఒక్క మతానికే సొంతం కావు. శైవులకూ జైనులకూ మధ్య జరిగాయనే వాదాల కథలు దక్షిణాదిన కొల్లలు. తమ గురువే గొప్పవాడని భక్తులు చాటుకోవడానికి అవి పనికొచ్చాయి. గురువు ఎలాంటివాడో తెలియాలంటే మాత్రం పళ్లపుల్ల కథ దగ్గరికే వెళ్లాలి.

కాలం లెక్క కూడా చూడాలి. బాబయ్య కన్నుమూసింది హిజ్రీ 694లో, అంటే 1294-95లో అని సంప్రదాయం. అల్లావుద్దీన్ ఖిల్జీ దేవగిరి మీద పడింది 1296లో. మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించింది 1309-10లో. కాకతీయ రాజ్యం కూలింది 1323లో. అంటే ఢిల్లీ సేనలు దక్కనులో అడుగుపెట్టకముందే ఒక ఫకీరు కాలినడకన తెలుగునేలకు వచ్చి స్థిరపడ్డాడు. ఇస్లాం ఇక్కడికి కత్తి వెంటే వచ్చిందని గట్టిగా నమ్మేవారు ఈ వరస ఒక్కసారి చూడాలి.

ఇంచుమించు ఆ రోజుల్లోనే పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో మడివాలు మాచయ్య, కుమ్మర గుండయ్య వంటి శ్రమజీవులను మహాభక్తులుగా నిలబెట్టాడు. దేవుడి ముందు చేతివృత్తివాడికి పెద్దపీట దొరికిన కాలమది. బాబయ్య మాట చెవికెక్కించుకున్నవాళ్లూ అలాంటివాళ్లే.

విల్లు మోగిన ఇళ్లు

1901 మద్రాసు జనాభా లెక్కలు దూదేకులవాళ్లను దూది ఏకేవాళ్లుగా, తాళ్లు, నవారు అల్లేవాళ్లుగా నమోదు చేశాయి. ఆ పని చూసినవాళ్లు మరిచిపోలేరు. గట్టిపడిన దూదిని నేల మీద పరుస్తారు. పెద్ద కొయ్యవిల్లు నరాన్ని దూదికి తాకీ తాకనట్టు పట్టి, కొయ్యగుబ్బతో కొడతారు. నరం మోగిన ప్రతిసారీ కాస్త దూది విడివడి పైకి లేస్తుంది. దుమ్ము, గింజముక్క కిందికి రాలతాయి. పొద్దు వాలేసరికి ఏకేవాడి కనుబొమలూ రెప్పలూ తెల్లబడిపోయి ఉంటాయి.

సూఫీ చరిత్రలో ఈ పనికి గొప్ప చోటుంది. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన మహాసూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ దూదేకే ఇంట పుట్టినవాడే. ఉత్తరాదిన దూదేకేవాళ్లు మన్సూరీలమని చెప్పుకునేది ఆయన పేరు మీదే. బిజాపూరు సూఫీల మీద పరిశోధించిన చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్, ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ, రాట్నం వడుకుతూ పాడుకున్న దక్కనీ పాటల ద్వారా సూఫీ బోధ ఇళ్లలోకి ఎలా చేరిందో చూపించాడు. పండితుల గ్రంథాలు చేరలేని గడపల్లోకి పనిపాటలతోనే అది ప్రవేశించింది.

దూదేకుల బతుకు అంటుమామిడి లాంటిది. వేరు ఈ నేలది, కొమ్మ దూరపు చెట్టుది, కాయ మాత్రం మూడో రుచి. భాష తెలుగు, నమాజు అరబ్బీ. కట్టూబొట్టులో, పెళ్లితంతులో చాలాకాలం రెండు సంప్రదాయాలూ కలిసి నడిచాయి. ఈ కలయిక వల్ల వాళ్లు మాటలూ పడ్డారు. ఉర్దూ రాదని కొందరు ముస్లింలు చిన్నచూపు చూశారు. సాయిబులని కొందరు హిందువులు దూరం పెట్టారు. ప్రభుత్వం వీళ్లను బీసీ-బి జాబితాలో చేర్చింది. విల్లు స్థానంలో యంత్రం వచ్చింది, దాని వెంటే ఫోమ్ పరుపులొచ్చాయి. కులవృత్తి చాలా ఇళ్లలో తాతలతోనే ఆగిపోయింది.

వృత్తి పోయినా దర్గా పోలేదు. గంధం ఉత్సవానికి మలీదా, చాదరు పట్టుకుని వెళ్లేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఫాతిహా చదివించుకుని, నెమలీకల కట్టతో దీవెన తీసుకునేవాడిని నీదే కులమని అడిగేవాడుండడు.

రాసుకోవలసిన చరిత్ర

బాబయ్య గురించి ఇప్పటిదాకా ఎక్కువగా రాసింది ఇంగ్లీషు అధికారులు, పరిశోధకులు. ఆయన్ని 700 ఏళ్లుగా తమవాడిగా బతికించుకున్న తెలుగు ఇళ్లలోని కథలు మాత్రం చాలావరకు కాగితం మీదికి ఎక్కలేదు. ఏ మొక్కు ఏ దర్గాకు, ఆ పేరే ఎందుకు పెట్టారు, తాతలు దూదేకుతూ ఏం పాడుకున్నారు? విస్సన్నపేట చుట్టుపక్కల బడుల్లో చదివే పిల్లలు ఈ వేసవి సెలవుల్లో జేజమ్మలను, తాతలను ఈ ప్రశ్నలు అడగాలి. జవాబులు తెలుగులో రాసి పెట్టుకోవాలి. రాజ్యం వదిలి వచ్చిన మనిషికి మిగిలిన ఆస్తి ఆ జ్ఞాపకాలే. వాటిని కాపాడుకోవలసిన బాధ్యత నూర్‌బాషాలది మాత్రమే కాదు, తెలుగువాళ్లందరిదీ.