ఒక్క మార్పు, నలభై స్లైడ్లు

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఇంజనీరింగ్ కళాశాలే నేటి ఎన్‌ఐటీ. అక్కడి తొలి తరాలకు పాఠమంటే నల్లబల్ల, సుద్దముక్క. ఆ తర్వాత కాలేజీల్లోకి ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు వచ్చాయి. వాటికి పారదర్శక షీట్లు ఒక్కొక్కటిగా చేత్తో రాసుకోవాలి. పైన శీర్షిక తీరు మారిస్తే కట్టంతా తిరిగి రాయాల్సిందే.

అమెరికాలో ఫోర్‌థాట్ కంపెనీలో చేరిన రాబర్ట్ గాస్కిన్స్ 1984లో ఈ షీట్ల మీదే దృష్టి పెట్టాడు. డెనిస్ ఆస్టిన్, టామ్ రడ్కిన్ ప్రోగ్రాం రాశారు. 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కోసం పవర్‌పాయింట్ విడుదలైంది. అది తయారుచేసింది నలుపు తెలుపు షీట్లే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది.

తిరిగి రాసే బాధ తప్పించినది పవర్‌పాయింట్‌లోని స్లైడ్ మాస్టర్, అంటే స్లైడ్లన్నిటికీ కలిపి ఉండే ఒకే నమూనా. ఓరుగల్లు కోటలో నాలుగు కీర్తితోరణాలదీ ఒకే నమూనా. కానీ శిల్పి నాలుగింటినీ విడివిడిగా చెక్కక తప్పలేదు. మాస్టర్‌లో తోరణం బొమ్మ ఒకసారి పెడితే చాలు, నలభై స్లైడ్లలోనూ కనిపిస్తుంది.

2007 నుంచి వాడుకలో ఉన్న పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే స్లైడ్లు, లేఅవుట్లు, మాస్టర్లు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. శీర్షిక ఎంత పెద్దగా ఉండాలో మామూలుగా స్లైడులో రాసి ఉండదు. అక్కడ లేకపోతే సాఫ్ట్‌వేర్ లేఅవుట్‌లో వెతుకుతుంది, అక్కడా లేకపోతే మాస్టర్‌లో. మాస్టర్‌లో పెట్టిన బొమ్మ నార్మల్ వ్యూలో ఎంత నొక్కినా కదలకపోవడానికి కారణం ఇదే: అది ఆ స్లైడులో లేనే లేదు. షిఫ్ట్ మీట పట్టుకుని, కింద కుడివైపున్న నార్మల్ గుర్తును నొక్కితే మాస్టర్ తెరుచుకుంటుంది. ఉత్తగా నొక్కితే మళ్లీ స్లైడ్లలోకి వస్తాం. స్లైడులోనే సైజు మార్చేస్తే ఆ మేరకు మాస్టర్ మాట చెల్లదు. 'రీసెట్' నొక్కితే మళ్లీ దారికొస్తుంది.

తెలుగులో స్లైడ్లు చేసేవారికి ఇంకో చిక్కుంది. మాస్టర్‌లో ఫాంటు మార్చినా ఒక్కోసారి ఇంగ్లిష్ అక్షరాలే మారతాయి, తెలుగువి కదలవు. లాటిన్ లిపికొక గడి, మన లిపులకు వేరే గడి ఉండటమే కారణం. ఆఫీసు థీమ్‌లో తెలుగుకు ముందే రాసిపెట్టిన ఫాంటు గౌతమి. లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో భాషల సెట్టింగులకు వెళ్లి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్'ను ఎంచుకుంటే ఆ రెండో గడి బయటపడుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా బమ్మెర కవి పేరుతో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన' ఫాంటు కావాలంటే మాస్టర్‌లోని ఆ గడిలోనే పెట్టాలి. పాఠం చెప్పే కంప్యూటర్‌లోనూ ఆ ఫాంటు ఉందో లేదో ముందే చూసుకోవాలి.