తెలుగునేల పురావస్తువుల కాలనిర్ణయం: శాస్త్రీయ పద్ధతుల తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పూర్వపు చిత్తూరు జిల్లాలో కనిపించే బృహత్ శిలాయుగ సమాధులను జనవ్యవహారంలో పాండవ గుళ్ళు అంటారు. ఈ పేరు జనస్మృతిని తెలుపుతుందే కాని నిర్మాణకాలాన్ని తెలుపదు. శిల ఏర్పడిన కాలం వేరు, దానిని పలకగా నిలిపిన కాలం వేరు. కాబట్టి రాతి వయస్సు సమాధి వయస్సు కాజాలదు. లోపల లభించే ఎముక, బొగ్గు, కుండపెంకు, మట్టి మాత్రమే ఆధారాలు. వీటిలో ఏది ఏ సంఘటన కాలాన్ని చెబుతుందో గుర్తించడమే కాలనిర్ణయంలో మొదటి మెట్టు.

2. రేడియో కార్బన్ పద్ధతి:

విల్లార్డ్ లిబ్బీ 1949లో నిరూపించిన ఈ పద్ధతికి 1960లో నోబెల్ బహుమతి లభించింది. జీవి మరణించాక దానిలోని కార్బన్-14 సుమారు 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. దాదాపు 50,000 ఏళ్ళకు పైబడిన వస్తువులకు ఇది పనికిరాదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి నవీన శిలాయుగ పశుపాలకులదని తెలియడానికి ఈ పద్ధతే తోడ్పడింది.

దీనికి రెండు ముఖ్యమైన చిక్కులున్నాయి. బొగ్గు చెప్పేది చెట్టులోని ఆ భాగం పెరిగిన కాలాన్ని. ముదురు చేవ కాలితే ఫలితం అసలు కాలంకన్నా వెనక్కు పోతుంది. రెండవది, క్రీ.పూ. 800-400 మధ్య సవరణ రేఖ దాదాపు చదునుగా ఉంటుంది. అందువల్ల వందల ఏళ్ళ ఎడమున్న రెండు సమాధులు కూడా ఒకే కాలానివిగా కనిపించవచ్చు. దక్షిణ భారత బృహత్ శిలాయుగంలో గణనీయమైన భాగం ఈ అవధిలోనే పడుతుంది.

3. దీప్తి పద్ధతులు:

థర్మోల్యూమినిసెన్స్ కుండ చివరిసారి బాగా కాలిన కాలాన్ని, ఓ.ఎస్.ఎల్. ఇసుకరేణువు చివరిసారి వెలుతురు చూసిన కాలాన్ని తెలుపుతాయి. సవరణ రేఖతో వీటికి పనిలేదు. అయితే పరిసర మట్టిలోని రేడియోధార్మికతను, తేమను సరిగా అంచనా వేయాలి. నమూనాకు వెలుతురు తగిలితే ఓ.ఎస్.ఎల్. ఫలితం చెడుతుంది. పొరపాటు అవధి సాధారణంగా 5 నుండి 10 శాతం ఉంటుంది. 2,500 ఏళ్ళ కుండకు అది 125 నుండి 250 ఏళ్ళు.

4. జ్వాలాపురం నిదర్శనం:

పూర్వపు కర్నూలు జిల్లా జ్వాలాపురంలో సుమాత్రాలోని టోబా అగ్నిపర్వత బూడిద పొర ఉంది. ఆ విస్ఫోటన కాలం ఆర్గాన్ పద్ధతి ద్వారా సుమారు 74,000 ఏళ్ళుగా తేలింది. 2007లో ప్రకటించిన ఓ.ఎస్.ఎల్. ఫలితాల ప్రకారం బూడిద కింది మట్టి వయస్సు 77,000 (±6,000), పై మట్టి వయస్సు 74,000 (±7,000) ఏళ్ళు. ఈ అవధులు ఒకదానిపై ఒకటి పడుతున్నందున అంకెలు మాత్రమే పూర్వాపరాలను తేల్చలేవు. వాటిని తేల్చింది పొరల వరుస. రెండువైపులా శిలాపనిముట్లు లభించడం వల్లనే విస్ఫోటనానంతర మానవ మనుగడపై చర్చ సాధ్యమయింది.

5. ముగింపు:

ఏ పద్ధతీ స్వతహాగా ఉత్తమం కాదు. ప్రశ్నకు, పదార్థానికి, కాలావధికి తగినదే ఉత్తమం. పాండవ గుళ్ళ విషయంలో ఎముకకు రేడియో కార్బన్, కుండకు థర్మోల్యూమినిసెన్స్, పూడిక మట్టికి ఓ.ఎస్.ఎల్. జరిపి, పొరల వరుసతో సరిపోల్చడం సముచితం. నిధుల ఆశతో సమాధిని తవ్వితే ఆ వరుస చెదిరిపోతుంది. ఆ తరువాత ప్రయోగశాల అంకె ఇవ్వగలదు కాని, ఆ అంకె దేనికి చెందుతుందో చెప్పలేదు.