చిన్న ఋణము – పంట గడువు

పాపన్నపేట ప్రాంతపు రైతునకు ధనము వారమువారము చేతికి రాదు. 1905లో మంజీరపై కట్టబడిన ఘనపురము ఆనకట్ట నుండి ఫతేనహరు కాలువ ద్వారా వచ్చు నీటితో వరి పండించువానికి వానకాలపు పంట యొకసారి, నీరున్నచో యాసంగి పంట మరియొకసారి కల్లమునకు వచ్చును. నాటు మొదలు కోతవరకు వ్యయమే గాని యాదాయము లేదు. చిన్న ఋణము దారిద్ర్యమును తగ్గించునా, పెంచునా యను ప్రశ్నకు సమాధానము మా యభిప్రాయమున నిచ్చటనే యున్నది.

ఒక లెక్క చూతము. 10,000 రూపాయల యప్పునకు నూటికి సాలుకు 12 చొప్పున వడ్డీ కలిపి, 11,200 రూపాయలను 50 వారములలో తీర్చవలెననుకొందము. వారమునకు 224 రూపాయలు. అసలు మొదటి వారము నుండియే తరుగుచుండును గనుక, సగటున రైతుచేత నుండునది సుమారు 5,000 మాత్రమే. వడ్డీ మాత్రము 10,000 పైని. కావున నిజమైన వడ్డీ నూటికి 24కు దగ్గఱగా నుండును. అంతియగాక, పంట చేతికి రాకమున్నే నాలుగు నెలలలో 17 వాయిదాలకు 3,808 రూపాయలు చెల్లింపవలెను. అది కూలివలన రావలెను. లేనిచో మరియొక యప్పువలన రావలెను. ఇట్లు అప్పు అప్పును కనును.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణముల వసూళ్ల యొత్తిడి దుర్భరము కాగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, వారపు వాయిదాలకు బదులు నెలసరి వాయిదాలు విధించెను. వడ్డీ యసలును మించరాదని శాసించెను.

హైదరాబాదులోని 104 పేదల పేటలలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మున్నగువారు జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనయు గమనింపదగినది. చిన్న ఋణములు లభించిన పేటలలో వ్యాపారపు పెట్టుబడి కొంత పెరిగెను గాని, కుటుంబముల సగటు జీవనవ్యయము చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. అది పట్టణపు సంగతియే యైనను, అప్పు దొరకినంతమాత్రమున లేమి తొలగదని పల్లెలకును తెలుపుచున్నది.

పంట యమ్మిన పిమ్మట తీర్చు ఋణమే రైతునకు తగినది. సహకార సంఘములు పుట్టినది యిందులకే. అయినను, 1951-52 నాటి యఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలనలో రైతుల యప్పులలో సంఘములు సమకూర్చినది నూటికి సుమారు మూడుపాళ్లే. నాటు గడచిన పిదప నందిన ఋణము రైతును షావుకారు గడపనుండి తప్పింపజాలదు. కావున సంఘములు నారుమడినాటికే ఋణము నందింపవలెను; సభ్యులు ధాన్యపు సొమ్ము చేతబడగనే బాకీ తీర్పవలెను. వ్రేలిముద్ర వేయుటకు ముందు ప్రతి సోదరుడును, సోదరియు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ వాయిదా ముందా, మా పంట ముందా?