గల్లీ పాట... ఆస్కార్ మెట్టెక్కింది!

బోనాలొచ్చాయంటే ఛత్రినాక, లాల్‌దర్వాజ గల్లీల్లో పాట ఆగదు. ఆ పాతబస్తీ గాలే పీల్చి పెరిగాడు ధూల్‌పేట కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్. నాన్న సెలూన్లో సాయపడుతూనే గజల్ విద్వాంసుడు పండిత్ విఠల్‌రావు దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. సినిమా అవకాశాల కోసమే ఎదురుచూస్తూ కూర్చోలేదు. హైదరాబాదీ యాసలో 'మంగమ్మ', 'గల్లీ కా గణేశ్' లాంటి పాటలు సొంతంగా చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2019లో బిగ్‌బాస్ విజేతయ్యాడు. 2023 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లోని ఆస్కార్ వేదికపై కాలభైరవతో కలిసి 'నాటు నాటు' పాడితే... డాల్బీ థియేటర్ లేచి చప్పట్లు కొట్టింది! ఆ పాటకే కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. 2025లో పాతబస్తీ బోనాల రోజునే తెలంగాణ ప్రభుత్వం రాహుల్‌కి కోటి రూపాయల నజరానా ప్రకటించింది. యాస మార్చుకుంటేనే పైకొస్తామనుకునే గల్లీ కుర్రాళ్లకు ఇంతకన్నా భరోసా ఏముంటుంది!