జాతకం కంటే ముందు రక్తం చూపించండి

నేను మిల్లులో సాంచెలు నడిపే రోజుల్లో నా పక్క సాంచెల మీద ఒక తమ్ముడు ఉండేవాడు. పనిమంతుడే. కానీ నెలకు నాలుగైదు నాగాలు పడేవి. చలి పెట్టినా, వానలో తడిసినా మర్నాడు వచ్చేవాడు కాదు. "అన్నా, ఎముకలు ఎవరో విరగ్గొడుతున్నట్టుంది, లేవలేకపోయిన" అనేవాడు. కండ్లు పచ్చగా ఉండేవి. మేమంతా పనిదొంగ అన్నాం. తాగి పడుకున్నాడని కూడా అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చాలా ఏండ్ల తర్వాత అతని కొడుక్కి అవే నొప్పులు మొదలైనాయి. సర్కారు దవాఖానలో రక్తం పరీక్ష చేస్తే తెలిసింది, తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ సికిల్ సెల్ ఉందని. పనిదొంగ కాదు, పాపం, నొప్పితోనే ఇన్నేండ్లు పనిచేశాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన రక్తంలో ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. సన్నటి నరాల్లోంచి కూడా జారిపోతాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో అవి కొడవలి మాదిరి వంగి గట్టిపడతాయి. సన్న దారిలో ఇరుక్కుంటాయి. అవతలికి రక్తం పోదు, అక్కడ నొప్పి లేస్తుంది. మంచి కణం 120 రోజులు బతికితే ఈ కణం 10, 20 రోజుల్లోనే చచ్చిపోతుంది. అందుకే రక్తం తక్కువ, కండ్లు పచ్చన, ఎప్పుడూ నీరసం. పసిపిల్లలకైతే చేతులు, కాళ్లు వాస్తాయి, మాటిమాటికి జ్వరం వస్తుంది.

ఇది అంటురోగం కాదు. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే రాదు. దిష్టి కాదు, పాపం కాదు. పుట్టుకతో వచ్చేది.

ఎట్లా వస్తుందో మన పని మాటలో చెబుతాను. పడుగు, పేక కలిస్తేనే గుడ్డ. బిడ్డకు తండ్రి నుంచి ఒక పోగు, తల్లి నుంచి ఒక పోగు వస్తుంది. ఒక పోగే చెడ్డదైతే జబ్బు రాదు, ఆ మనిషి మామూలుగానే బతుకుతాడు. వాళ్లను వాహకులు అంటారు. రెండు పోగులూ చెడ్డవైతేనే జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు జబ్బు బిడ్డ పుట్టవచ్చు, 50 పాళ్లు వాహకులు, 25 పాళ్లు ఏమీ లేని బిడ్డ. మొదటి బిడ్డ బాగుంది కదా అని రెండో కాన్పుకు భరోసా లేదు.

ఆ తమ్ముడి భార్య అతని సొంత మేనమామ బిడ్డ. పరీక్షలో ఆమె వాహకురాలని తేలింది. ఇంట్లో అందరూ ఆమెనే తిట్టారు, "నీ వల్లనే బిడ్డ ఇట్లా పుట్టిండు" అని. పోగు ఇద్దరిదీ అయినప్పుడు నింద ఒక్క ఆడదానికేనా? మనలో మేనరికాలు ఎక్కువ. ఒకే వంశంలో చెడ్డ పోగు ఉంటే రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే వీలు ఎక్కువ. మేనరికం చేయొద్దని నేను పోట్లాడను. చేసే ముందు ఇద్దరి రక్తం చూపించమంటున్నాను.

"అది అడవిలో గోండులకు వచ్చే జబ్బు, మనకెందుకు" అంటారు కొందరు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. గిరిజనుల్లో ఎక్కువే, నిజం. కానీ ఇక్కడ విదర్భలో, ఒడిశా పడమటి జిల్లాల్లో ఊళ్లలో, పట్నాల్లో ఉండే వేరే కులాల వాళ్లలోనూ ఉంది. రక్తం కులం అడగదు.

2023 జూలై 1న కేంద్ర సర్కారు దీనికోసం ఒక మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ బెడద లేకుండా చేయాలని లెక్క. మన వీధికి ఎవరో వస్తారని కూర్చోకుండా దగ్గరి సర్కారు దవాఖానకు మనమే పోయి అడగాలి. ముందు వేలి మీద సూదితో చుక్క రక్తం తీసి చూస్తారు. అనుమానం ఉంటే ఇంకో పెద్ద పరీక్షతో తేలుస్తారు.

జబ్బు ఉన్నా బతుకు ఆగిపోదు. నీళ్లు బాగా తాగాలి, చలికి కప్పుకోవాలి, ఒళ్లు విరిగే పని చేయకూడదు. హైడ్రాక్సీయూరియా అనే మందు డాక్టరు చెప్పినట్టు వాడితే చాలామందికి నొప్పులు తగ్గుతాయి. గట్టి జ్వరం, రొమ్ములో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, పిల్లల్లో ఎడమ కడుపు ఉబ్బడం కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే దవాఖానకు తీసుకుపోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును కూడా చేర్చారు. సర్టిఫికెట్ కోసం అడగండి.

అక్కలారా, అన్నలారా, పెళ్లి మాట వస్తే జాతకాలు, కట్నాలు అన్నీ చూస్తాం. ఒక చుక్క రక్తం కూడా చూపిద్దాం. మీ పక్కింట్లో ఎవరైనా మాటిమాటికి నొప్పులని మంచం పడితే, దయచేసి పనిదొంగ అనొద్దు. నేను అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే ఇప్పుడు ఆ తమ్ముడు లేడు.