నారాయణగూడ బాలికల పాఠశాల

హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగరు వీథులు నేడు ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువజనులతో క్రిక్కిరిసి యున్నవి. ఆ గాలి తల్లులమైన మనకును సోకినది. బడి మంచిదా యన్నచో ర్యాంకులనే లెక్కించుచున్నాము. చెంతనున్న నారాయణగూడ బాలికల పాఠశాల చరిత్ర మఱియొక ప్రశ్న నేర్పుచున్నది.

నిజాము రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో సాగుచుండుటచే తెలుగింటి బాలికలకు చదువు అందని పండయ్యెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు వారికై తెలుగుమాధ్యమ పాఠశాలను స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపు దొరకకున్నను వెనుదీయక, పుణెలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు గుర్తింపును సంపాదించిరి.

ఫలితముల పట్టికలో ఉత్తీర్ణుల పేర్లే యుండును. బడిగడప త్రొక్కని పిల్ల పేరుండదు. కావున ఎందఱు నెగ్గిరని మాత్రమే గాక, ఎవరి బిడ్డలు వెలుపల నిలిచిరనియు అడుగవలెనని మా మనవి.